ఉస్తా బయూమీకి సరిపడే ఆట

ఆ సోమవారం ఉదయం ఇన్సాఫ్ పెట్టుకున్న పని ఒక్కటే. కిలో ద్రాక్షాకుల్లో బియ్యం, మసాలా కూరి వేలెడంత చుట్టలు చుట్టాలి. వంటింటి తలుపు దగ్గరగా వేసుకుని, రేడియో సన్నగా పెట్టుకుని, ఒక్కతే కూర్చుని చుట్టుకోవాలి. ముప్పై అయిదేళ్ల కాపురంలో ఎవరికీ వాటా ఇవ్వని సుఖం అదొక్కటే ఆమెకు. ఆకులు ఉడికించి, నీళ్లు వార్చి, వెనక్కి తిరిగేసరికి గుమ్మంలో భర్త నిలబడి ఉన్నాడు, చేతి గడియారం చూసుకుంటూ.

"బియ్యం నానబెట్టి ఇరవై రెండు నిమిషాలైంది, ఉమ్ నెర్మీన్," అన్నాడు బయూమీ, నెర్మీన్ తల్లీ అని కూతురి పేరుతో పిలుస్తూ. "ఇరవైకే తియ్యాలి. రెండు నిమిషాలు లేటు నువ్వు."

బయూమీ అలెగ్జాండ్రియాలో ముప్పై నాలుగేళ్లు ట్రామ్ నడిపాడు. ముహర్రం బే పేటలో అందరూ అతన్ని పనిలో ఆరితేరినవాడని గౌరవంగా ఉస్తా అనే పిలుస్తారు. మూడు నెలల క్రితం రిటైరయ్యాడు. మొదటి వారం నిద్రపోయాడు. రెండో వారం ఇంట్లో కారుతున్న కుళాయిలన్నీ బాగుచేశాడు, కారనివి కూడా. మూడో వారం వంటింట్లోకి వచ్చాడు, మళ్లీ బయటికి పోలేదు. మసాలా డబ్బాలన్నీ దించి, రద్దీ ఎక్కువ ఉన్నవి పొయ్యి దగ్గరా లేనివి దూరంగా, లైను మీద స్టాపుల్లా వరుసపెట్టాడు. అలవాటు చొప్పున జీలకర్ర కోసం చెయ్యి చాపిన ఇన్సాఫ్‌కు దాల్చినచెక్క పొడి దొరికింది. ఆనాటి బెండకాయ కూరను ఆ ఇంట్లో ఇప్పటికీ ఎవరూ మర్చిపోలేదు.

ఇదంతా మామూలు రోజుల్లో అయితే ఎలాగో ఓర్చుకునేదే. కానీ ఇంకో నాలుగు వారాల్లో వాళ్ల ఒక్కగానొక్క కూతురు నెర్మీన్ పెళ్లి మాటలున్నాయి. నెర్మీన్ మందుల షాపులో ఫార్మసిస్టు. అక్కడికే మందులు కొనడానికి వచ్చి, ఏ రోగమూ లేకుండానే వారానికి మూడుసార్లు రావడం మొదలుపెట్టిన హాతెమ్ అనే ఇంజనీరును ఇష్టపడింది. నాలుగో శుక్రవారం అతని తల్లిదండ్రులు భోజనానికి వచ్చి, మాట కుదిరితే అక్కడే ఫాతిహా చదివి సంబంధం ఖాయం చేసుకుంటారు. తల్లి దౌలత్ హానెమ్ సంగతి ఊరంతా తెలుసు. ఇదివరకు ఒక సంబంధాన్ని టీ గ్లాసుల మీద మరకలు చూసి వద్దంది. ఇంకోదాన్ని ఎందుకు వద్దందో ఎవరికీ చెప్పలేదు, అది ఇంకా భయం. అలాంటి మనిషికి పెట్టే భోజనం, పక్కన ఒకడు గడియారం పట్టుకుని నిలబడి ఉండగా ఎలా వండుతుందని ఇన్సాఫ్ బెంగ.

ఉపాయం చెప్పింది నెర్మీనే. తను కాలేజీ రోజుల్లో ఆడి వదిలేసిన వీడియో గేమ్ పెట్టె టీవీ కింద గుడ్డ కప్పుకుని అలాగే ఉంది. నాన్నకు నచ్చే ఆట ఒకటి కొని అందులో పెడితే హాల్లోంచి కదలడని, తన సహోద్యోగి భర్త అలాగే ఇల్లు మర్చిపోయాడని చెప్పింది. ఆ సహోద్యోగి ఈ మాట ఏడుస్తూ చెప్పిందట. ఇన్సాఫ్‌కు మాత్రం అందులో ఏడవాల్సినదేమీ కనిపించలేదు.

ట్రామ్ స్టాపు పక్క సందులో వగ్దీ దుకాణం ఉంది. కొత్త ఆటలూ పాత ఆటలూ అమ్ముతాడు, నచ్చకపోతే వారంలో మార్చి ఇస్తాడు. నలభై దాటిన బట్టతల మనిషి. వచ్చినవాళ్లతో మాట్లాడుతూనే తన ఆట తను ఆడుకుంటూ ఉంటాడు కాబట్టి, మనం చెప్పినదాంట్లో సగం అతనికి చేరుతుంది, మిగతా సగం తెర మీద ఎవడో ఒకడు చచ్చేటప్పుడు పోతుంది. ఇన్సాఫ్ తన గోడు వెళ్లబోసుకుంది. మా ఆయన పొద్దస్తమానం వంటింట్లోనే ఉంటున్నాడు, అందులోంచి బయటికి తెచ్చే ఆట కావాలి అంది. వగ్దీకి చేరింది మొదటి సగం. తెర మీంచి కళ్లు తిప్పకుండానే అరలోంచి ఒక డిస్కు తీసి ఇచ్చాడు.

అది వంట ఆట.

ఆ ఆటలో తెర పైన ఆర్డర్లు వస్తాయి, గంట మోగుతుంది, నిమిషాల లెక్కన వంటకాలు తయారుచేసి పంపాలి. తిన్నవాళ్లు చుక్కలు ఇస్తారు. ఉద్యోగం మానేశాక బయూమీ జీవితంలో టైంటేబుల్‌తో నడిచేది ఏదైనా కనబడటం అదే మొదటిసారి. రెండు రోజుల్లో నలభై హోటళ్లు నడిపేశాడు. ఇన్సాఫ్ ఆ రెండు రోజులూ ద్రాక్షాకుల చుట్టలు చుట్టుకుంటూ కూతురిని దీవించింది. మూడో రోజు బయూమీ భుజాన తువ్వాలు వేసుకుని వంటింట్లోకి వచ్చాడు. ఇప్పుడతను ఊరికే చూసేవాడు కాదు, నేర్చుకున్నవాడు. పొయ్యి వెనక గోడకు కాగితాలు అంటించాడు: ఒంటిగంటా పదికి బెండకాయ, ఒంటిగంటా ఇరవైకి సలాడ్. భోజనాల దగ్గర ప్రతిదీ రుచి చూసి చుక్కలు వేశాడు. పప్పు చారుకు మూడు. ములూఖియా ఆకుల పులుసుకు రెండు.

రెండెందుకని ఇన్సాఫ్ నెమ్మదిగానే అడిగింది.

"వెల్లుల్లి తాలింపు వేసేటప్పుడు గట్టిగా ఊపిరి లాగాలి. లేకపోతే రుచి రాదు. మా అమ్మ లాగితే కింది అంతస్తుకి వినబడేది," అన్నాడు బయూమీ. "నువ్వు లాగావు గానీ, ఉమ్ నెర్మీన్, మనసు పెట్టి లాగలేదు."

ఆ ఇంట్లో ఇన్నేళ్లలో ఆమె ములూఖియాకు మార్కులు వేసినవాడు లేడు. ఇన్సాఫ్ చెయ్యి కడుక్కుని, ఇంటి చెప్పులతోనే వగ్దీ దుకాణానికి నడిచింది.

ఈసారి ఆమె జాగ్రత్తగా మాట్లాడింది. వంట వాసన కూడా ఉండకూడదని, మగవాళ్లు కూర్చుంటే లేవకుండా ఆడేది ఇమ్మని చెప్పింది. వగ్దీ యుద్ధం ఆట ఇచ్చాడు. దీన్ని ఆన్‌లైన్‌లో ఎక్కడెక్కడివాళ్లతోనో ఆడొచ్చని, చెవులకు పెట్టుకునేది ఉంటే వాళ్లతో మాట్లాడొచ్చని, దీని మూలంగా మూడు నిశ్చితార్థాలు తప్పిపోయాయని, అంత మంచి ఆటని చెప్పాడు.

మొదటి రోజు బయూమీ నలభై ఒక్కసార్లు చచ్చిపోయాడు. తుపాకీ ఎలా పేల్చాలో అతనికి అర్థం కాలేదు, అర్థం చేసుకోవాలనీ అనిపించలేదు. రెండో రోజు కూలిన గోడ పక్కన ఒక మిలిటరీ లారీ కనబడింది. ఎక్కాడు. అక్కణ్ణుంచి అతనికి యుద్ధంతో పని లేకపోయింది. తగలబడుతున్న ఊళ్లో కుడివైపు వరుస తప్పకుండా, మలుపుల దగ్గర హారన్ కొడుతూ, దారిలో కనిపించిన సైనికులను ఎక్కించుకుంటూ తిరిగాడు. ఎవరు ఏ పక్షమో చూడలేదు. ట్రామ్‌లో ఎప్పుడైనా చూశాడా గనక. చెవుల్లో జిద్దా వాళ్లూ, ట్రిపోలీ వాళ్లూ తిట్ల వర్షం కురిపిస్తుంటే, దిగేవాళ్లను ముందు దిగనివ్వండి నాయనా అని సముదాయించాడు. రెండు పక్షాలూ ఏకమై అతని లారీని పేల్చేశాయి.

మూడో రోజు ఉదయం బయూమీ వంటింట్లోకి వచ్చి ముక్కాలి పీట మీద కూలబడ్డాడు. ఇన్సాఫ్ ఉల్లిపాయలు తరుగుతోంది. "పార్కింగ్ చేస్తున్నాను, అంతే," అన్నాడు నీరసంగా. "వెనకనుంచి కాల్చారు. ఇండికేటర్ కూడా వేశాను." అలా తన చావులు ఒక్కొక్కటిగా చెప్పుకొచ్చాడు. ఉల్లిపాయ ఘాటుకు ఆమె కళ్లలో నీళ్లు తిరిగితే, తన మీద జాలి అనుకుని మిగిలినవీ చెప్పాడు. ఇదివరకు వంటింట్లో భర్త ఒక్కడే ఉండేవాడు, ఇప్పుడు భర్తతోపాటు అతని కష్టాలు కూడా చేరాయి.

అయితే ఆ కష్టాలు వింటూండగానే ఇన్సాఫ్‌కు ఒకటి తట్టింది. ఈ మనిషి ఇన్ని గంటల్లో ఒక్క గుండు పేల్చలేదు. నడిపాడు, ఎక్కించాడు, దింపాడు. ఆమె కత్తి కింద పెట్టి దుకాణానికి వెళ్లి, ట్రామ్ నడిపే ఆట ఏదైనా ఉందా అని అడిగింది. పందెం కాదు, గుద్దుకోవడం కాదు, స్టాపులుండాలి, లేటైతే తెలియాలి. వగ్దీ చేతిలో కంట్రోలర్ మొదటిసారి పక్కన పెట్టి ఆమెను ఎగాదిగా చూశాడు. "ఆ ఆట నాలుగేళ్లుగా నా దగ్గర పడుంది, హాగ్గా," అన్నాడు, పెద్దావిడను పిలిచే మర్యాదతో. "దాన్ని అడిగిన మనిషి మీరే." స్టూలు ఎక్కి పై అర చివరనుంచి దుమ్ము దులిపి తెచ్చాడు. ఏదో యూరప్ ఊళ్లో ట్రామ్. అట్ట మీద బొమ్మలో మంచు పడుతోంది.

బయూమీ మొదటి స్టాపు దాటగానే వీపు నిటారుగా పెట్టాడు. రెండో స్టాపుకు లేచి వెళ్లి పాత యూనిఫారం కోటు తొడుక్కుని వచ్చాడు. ఆ రోజు ఇన్సాఫ్ వంటింట్లో మసాలా డబ్బాలన్నీ తిరిగి తన వరుసలో సర్దుకుంది, ఎవరూ అడగలేదు. భోజనానికి మూడుసార్లు పిలిస్తే గానీ రాలేదు అతను. పిల్లల పాఠశాల వదిలే వేళ, అప్పుడు బండి ఎలా ఆపుతానన్నాడు.

వారం గడిచేసరికి అతనికి ఒక్క లోటు కనబడింది. ఆ ఊరి ప్రయాణికులు మాట్లాడరు. దెబ్బలాడుకోరు, చిల్లర లేదనరు, తలుపు పట్టుకుని వేలాడరు, ఎవరి కొడుక్కి ఉద్యోగం వచ్చిందో చెప్పరు. శవాలను మోస్తున్నట్టుందని భార్యతో అన్నాడు. మర్నాడు భోజనాల బల్ల కుర్చీలు తెచ్చి తన వెనక రెండు వరుసలుగా వేసి, మధ్యలో నడవ వదిలాడు. నాలుగో అంతస్తు మదాం ఎవ్లీన్ పంచదార అడగడానికి వచ్చి ఒక కుర్చీలో కూర్చుంది. ఆమెకు డెబ్బై ఏళ్లు, మోకాళ్ల నొప్పులు, వీధిలోకి దిగి మూడేళ్లయింది. నాలుగు స్టాపులు ప్రయాణం చేసి, గాలి మార్పు బాగుందని చెప్పి వెళ్లి, సాయంత్రం ఇంకో ఇద్దరిని వెంటబెట్టుకొచ్చింది. మూడు రోజుల్లో కుర్చీలు చాలక స్టూళ్లు తెచ్చుకున్నారు. ఎవ్లీన్ తనంతట తనే తలుపు తీసి, వచ్చినవాళ్లను ముందుకు జరగమనే బాధ్యత తీసుకుంది. స్టాపు వచ్చినప్పుడల్లా మోగించడానికి ఇన్సాఫ్ ఇత్తడి కల్వం హాల్లోకి పోయింది. వంటిల్లు ఖాళీ అయింది కనుక ఇన్సాఫ్ ఏమీ అనలేదు. పద్నాలుగు మందికి టీ పెట్టాల్సి వచ్చినప్పుడు మాత్రం రేడియో గట్టిగా పెట్టుకునేది.

శుక్రవారం వచ్చింది. మధ్యాహ్నం నమాజు అయ్యాక, రెండింటికి వస్తామని హాతెమ్ వాళ్లు కబురు చేశారు. కుర్చీలన్నీ ఒంటిగంటకల్లా బల్ల దగ్గర ఉండాలని నెర్మీన్ తండ్రి దగ్గర మాట తీసుకుంది. నమాజు నుంచి వస్తూనే ఒకే ఒక చిన్న ట్రిప్పు వేసి బండిని షెడ్డులో పెట్టేస్తానని బయూమీ ఒప్పుకున్నాడు. మాట తప్పే మనిషి కాదు. కానీ ఆ ట్రిప్పులో ఆ ఊళ్లో మంచు తుఫాను వచ్చింది. పట్టాలు కనబడటం లేదు, ముందు ఇంకో ట్రామ్ ఆగిపోయింది. అలెగ్జాండ్రియాలో పుట్టి పెరిగిన బయూమీ జీవితంలో మంచును చూడలేదు. వెనకున్న పద్నాలుగు మందీ చూడలేదు. ఎవరూ దిగలేదు. ఎవ్లీన్ శాలువా కప్పుకుంది.

ఒంటిగంటన్నరకు తలుపు గంట మోగింది. అరగంట ముందే వచ్చారు. ఇన్సాఫ్ వంటింట్లో ములూఖియా పులుసు కలుపుతోంది. నెర్మీన్ లోపలి గదిలో జడ వేసుకుంటోంది. తలుపు తీసింది ఎవ్లీన్, అలవాటు కొద్దీ. ముందుకు జరగండి, లోపల చోటుంది అని చెప్పి దౌలత్ హానెమ్‌ను చెయ్యి పట్టుకుని రెండో వరుసలో కూర్చోబెట్టింది. ఆమె భర్త రవూఫ్ బే నల్ల సూటులో నడవలో నిలబడిపోయాడు. హాతెమ్ చేతిలో స్వీటు పెట్టెతో గుమ్మం దగ్గరే ఆగాడు. బయూమీ వెనక్కి తిరగలేదు. బండి నడుస్తుండగా ప్రయాణికులతో మాట్లాడకూడదన్నది ముప్పై నాలుగేళ్ల నియమం.

వెల్లుల్లి నూరడానికి కల్వం కోసం ఇన్సాఫ్ ఏప్రాన్‌తో హాల్లోకి వచ్చింది. యూనిఫారం కోటులో భర్త వీపు, ఇరుగుపొరుగు బామ్మల మధ్య ఇరుక్కుని కూర్చున్న దౌలత్ హానెమ్ పట్టు జాకెట్, ఆ పక్కన తుఫాను. ఆమె వెనకే వచ్చిన నెర్మీన్ ఇది చూసి తిరిగి గదిలోకి పోయి తలుపు వేసుకుంది. లోపల గొళ్లెం పడిన చప్పుడు అందరికీ వినబడింది. సగం వేసిన జడతో, ఎప్పుడూ ఏడవని పిల్ల, మంచం మీద బోర్లా పడి ఉంటుందని ఇన్సాఫ్‌కు తెలుసు. కల్వం సంగతి మర్చిపోయి ఏదో ఒక అబద్ధం కోసం వెతుక్కుంటోంది. ఈలోగా రవూఫ్ బే గొంతు సవరించుకున్నాడు.

"ఇక్కడ వేగం పదిహేను దాటకూడదు," అన్నాడు. "మీరు పద్దెనిమిదిలో ఉన్నారు."

ఉస్తా బయూమీకి తప్పు చూపినవాడు ఆ వీధిలో లేడు. అతను తర్వాతి స్టాపు దాకా వెళ్లి, బండి ఆపి, అప్పుడు తిరిగి చూశాడు.

"బోర్డు ఎక్కడుంది, బే?"

"మంచు కింద. పై అంచు కొంచెం కనిపించింది."

"అంచు చూసి అంకె ఎలా చెప్పారు?"

"ఓడరేవు కస్టమ్స్‌లో ముప్పై ఆరేళ్లు చేశాను, ఉస్తా," అన్నాడు రవూఫ్ బే. "మూటలో ఏముందో తెలియడానికి నాకు అంచు చాలు."

బయూమీ బండిని వెనక్కి పోనిచ్చి చూశాడు. మంచు కింద పదిహేను అనే ఉంది. లేచి నిలబడి, కోటు సరిచేసుకుని, ముందు కుర్చీలోని పొరుగింటి పెద్దాయన హాగ్ సబ్రీని లేపి, ఆ చోటు రవూఫ్ బేకు ఇచ్చాడు.

అప్పటికి దౌలత్ హానెమ్ కుర్చీలోంచి లేచింది. నేరుగా వంటింట్లోకి నడిచి, ఇన్సాఫ్ వెనకే లోపలికి రాగానే తలుపు మూసింది. టీ గ్లాసుల మరకకే సంబంధం వదులుకున్న మనిషి, ఇప్పుడేమంటుందో తెలుస్తూనే ఉంది. పిల్ల తప్పేమీ లేదని చెబుదామని నోరు తెరిచింది.

"ఎక్కడ కొన్నారు?" అంది దౌలత్ హానెమ్.

ఇన్సాఫ్ తన ఏప్రాన్ వైపు చూసుకుంది.

"ఆ ఆట. ఏ దుకాణంలో?" ఆమె గొంతు తగ్గించింది. "మా ఆయన రిటైరై ఎనిమిది నెలలు. బజారు నుంచి వస్తే గుమ్మంలో ఆపుతాడు. సంచి అడుగు తడిమి చూస్తాడు. టొమాటోలు ఎక్కణ్ణుంచి వచ్చాయంటాడు. మొన్న మా అక్క వస్తే, సుంకం కట్టాల్సిన వస్తువులేమైనా ఉన్నాయా అని అడిగాడు, ఉమ్ నెర్మీన్. మా అక్కని. ఇప్పుడు పావుగంటైంది, ఆయన నా సంచి వైపు చూడలేదు."

ఇన్సాఫ్ పీట జరిపి ఆమెను కూర్చోబెట్టింది. వంట ఆట దగ్గర్నుంచి మొదలుపెట్టి అన్నీ చెప్పింది, ములూఖియాకు వేసిన రెండు చుక్కలతో సహా. ఆ రెండు చుక్కల దగ్గర దౌలత్ హానెమ్ లేచి, వెల్లుల్లి కత్తి పిడితోనే చితక్కొట్టి, తనే తాలింపు గరిటె అందుకుంది. ఇద్దరూ కలిసి ఊపిరి లాగిన చప్పుడు కింది అంతస్తులో వినబడిందని తర్వాత చెప్పుకున్నారు. ఆ చప్పుడుకే నెర్మీన్ గది తలుపు తీసింది.

తుఫాను తగ్గి బండి షెడ్డు చేరేసరికి నాలుగైంది. పులుసు అడుగంటింది. దౌలత్ హానెమ్ రెండుసార్లు వడ్డించుకుంది. కుర్చీలు వరుసల్లో ఉండగానే అందరూ అరచేతులు చాచి ఫాతిహా చదివారు. ప్రయాణికులు కూడా చదివారు. పెళ్లి వేసవిలో అనుకున్నారు.

ఆదివారం ఉదయం ఎనిమిదికి తలుపు గంట మోగితే రవూఫ్ బే ఇస్త్రీ చొక్కాతో నిలబడి ఉన్నాడు, మొదటి బండి వెళ్లిపోయిందా అని అడుగుతూ. వెనకే దౌలత్ హానెమ్ ఫోను. తమ ఇంట్లో ఆటల పెట్టె లేదట, ఒక్కడి కోసం కొత్తది కొనడం దండగట, ఇల్లు ఎంత ప్రశాంతంగా ఉందో మాటల్లో చెప్పలేనంది. ఇన్సాఫ్ సరేననుకుంది. ఎక్కేవాళ్లు పద్నాలుగు మంది ఉన్నప్పుడు పదిహేనోవాడు ఎంత. కానీ ప్రతి లైనుకూ చివర టెర్మినస్ ఉంటుంది. టెర్మినస్‌లో సిబ్బందికి పది నిమిషాలు విశ్రాంతి, టీ. అది నియమం; ఒక్కడే నడిపినన్నాళ్లూ బయూమీ దాన్ని వదిలేశాడు, ఇప్పుడు పక్కన నియమాల మనిషి ఉన్నాడు. మొదటి ట్రిప్పు పూర్తవగానే ఇద్దరూ వంటింట్లోకి వచ్చారు. ఒకడు పొయ్యి పక్కన నిలబడి బియ్యం ఎన్ని నిమిషాలైందో చూశాడు. రెండోవాడు బెండకాయల సంచి అడుగు తడిమి, ఇవి ఎక్కడివని అడిగాడు. పూటకు తొమ్మిది ట్రిప్పులు.

మంగళవారం ఇన్సాఫ్ వగ్దీ దుకాణంలో ఉంది. టెర్మినస్ లేని ట్రామ్ ఆట ఏదైనా ఉందా అని అడిగింది. వగ్దీ రింగు లైనుదొకటి ఉందన్నాడు, బండి ఊరి చుట్టూ తిరుగుతూనే ఉంటుందట, ఎక్కడా చివర రాదట.

"అదే రెండివ్వు," అంది ఇన్సాఫ్.

"ఒకటి వియ్యంకుడి గారికా, హాగ్గా?"

"కాదు. ఒకటి అరిగిపోతే ఇంకోటి ఉండాలి."